అంతరిక్షానికి పనికిరాని వంశాలు

నా పెళ్లి అంతరిక్ష కిరణాల వల్ల కుదిరింది. ఈ మాట విన్నవాళ్లలో కొందరు నవ్వుతారు, కొందరు మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ఆమె "నిజమేలెండి" అని తన పని తాను చూసుకుంటుంది. అవే కిరణాల వల్ల ఆ పెళ్లి దాదాపు చెడిపోయింది కూడా. అందుకని మొదటి నుంచి చెప్పడం మంచిది.

తొంభైల మధ్యలో నేను ఉదయగిరిలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. జువాలజీ డిగ్రీ, బి.ఇడి., బ్రేకులు పనిచేసే సైకిలు ఉండేవి. పెళ్లికొడుకుల్లో మధ్యరకం సరుకు. ఆ ఏడాది డివిజన్ సైన్సు ఫెయిర్ ఆత్మకూరులో అనీ, అంశం 'మనిషి, అంతరిక్షం' అనీ సర్క్యులర్ వచ్చింది. అంతరిక్షం అనగానే మా జిల్లాలో ఎవరికైనా తోచేది రాకెట్టే. జిల్లాకు ఆ చివర, సముద్రం ఒడ్డున, నిజం రాకెట్లే ఎగురుతాయి. మా పడమటి మెట్టకు సముద్రం రాదు, రాకెట్ల చప్పుడు రాదు, వాన కూడా మొహమాటానికే వస్తుంది. థర్మాకోలు మాత్రం వస్తుంది. కాబట్టి ప్రతి స్కూలూ థర్మాకోలు రాకెట్టు మోసుకొస్తుందని నాకు ముందే తెలుసు.

నేను వేరే దారి పట్టాను. కావలిలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు సైన్సు పత్రిక తిరగేశాను. అందులో ఒక వ్యాసం సగం అర్థమైంది, మిగతా సగం నేనే పూరించుకున్నాను. దాని సారం ఇది. భూమి మీద మనకు గాలి ఒక దుప్పటి, భూమిలోని అయస్కాంతం ఇంకో దుప్పటి. ఆ రెండూ దాటి పైకి పోతే, ఎక్కడెక్కడి నక్షత్రాల నుంచో వచ్చే కంటికి కనపడని రేణువులు మన ఒంట్లోంచి దూసుకుపోతాయి. పోతూ పోతూ జీవకణంలో ఉన్న వంశపు దారాన్ని తెంపుతాయి. కణంలో ఒక దర్జీ ఉంటాడు. తెగిన చోటల్లా రఫ్ఫు కొడుతుంటాడు. కొన్ని వంశాల్లో ఆ దర్జీ పుట్టుకతోనే కాస్త మత్తుమనిషి. అతను తప్పిన కుట్టు ఎప్పుడో ఒకప్పుడు పెరిగి క్యాన్సర్ కావచ్చు. మరి దూరప్రయాణానికి మనుషుల్ని ఎంచేటప్పుడు, కండలూ చదువూ చూసినట్టే వాళ్ల దర్జీ ఎలాంటివాడో కూడా చూడాలా వద్దా అని శాస్త్రజ్ఞులు తర్జనభర్జన పడుతున్నారు.

దర్జీ నా సొంత చేర్పు. పత్రికలో లేడు.

హెడ్మాస్టరుకు ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"అయితే రాకెట్టు లేదా?"

"లేదు సార్. రాకెట్లోకి ఎవురు ఎక్కగూడదో చెప్తాం."

"ఎక్కేవోళ్ల సంగతి చెప్పరాదా అబ్బయ్యా. ఎక్కగూడనోళ్లు మన బస్టాండు నిండా ఉండారు."

అయినా ఒప్పుకున్నారు, థర్మాకోలు ఖర్చు తప్పుతుందని కాబోలు. పిల్లల చేత పెద్ద చార్టులు గీయించాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్న, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీత. క్యాన్సర్ వచ్చినవాళ్లకు నలుపు. పేర్లు లేవు. ఒకటో కుటుంబం, రెండో కుటుంబం, అంతే. విదేశీ కుటుంబాలను పెడితే ఎవరికి కావాలి? మన కుటుంబాలనే పెడదామనుకున్నాను. మొదలు మా ఇంట్లోనే పెట్టాను.

అవ్వ, అంటే నాయన తల్లి, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, తాత ఎట్ట పోయినాడు?"

"నిద్రలో."

"నిద్ర రోగం కాదవ్వా."

"ఆయనకి ఉండింది అదొక్కటే."

"అత్త?"

అత్త అంటే నాయనకు అక్క. నేను పుట్టకముందే, నాయనకు పెళ్లి కాకముందే పోయింది.

"పాము కరిచింది. నీకు తెలవదా? వామి కాడ."

నాకెందుకు తెలియదు. మా ఇంటి వెనక గడ్డివామి కథ వింటూనే పెరిగాను. చిన్నప్పటి నుంచి నేను దాని దరిదాపులకు పోలేదు. పోవాల్సి వస్తే చప్పట్లు కొట్టుకుంటూ, గొంతెత్తి పాట పాడుకుంటూ పోయేవాణ్ని. చర్చి సంఘంలో నాకు మంచి గొంతు ఉందని పేరు రావడానికి ఆ పామే కారణం. సరే, అత్త సున్న తెల్లగా వదిలేశాను. చార్టు మొత్తం తెలుపే. మా వంశం అంతరిక్షానికి సిద్ధంగా ఉందని తేలింది.

తర్వాత వీధిలో పడ్డాను. అక్కడ తెలిసిందేమిటంటే, ఉదయగిరిలో ఎవరికీ ఎప్పుడూ క్యాన్సర్ రాలేదు. ఒకాయన గుండెతో పోయాడు, ఒకామె వయసుతో పోయింది, ఇంకొకామెకు మేకు గుచ్చుకుంది. ఒక ఇంట్లో అయితే "మా ఇంట్లో ఎవురూ సావలా" అని తలుపేశారు.

నాకు ఆలస్యంగా వెలిగింది. మా వైపు సంబంధం కుదుర్చుకునే ముందు మగపెళ్లివాళ్లు ఒక మనిషిని ఆరా తీయడానికి పంపుతారు. అతను దారిన పోతూ దాహమైనట్టు వస్తాడు, మజ్జిగ అడుగుతాడు, మజ్జిగ సగంలో ఉండగా "మీ పెద్దోళ్లు ఎట్ట పోయినారు?" అంటాడు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరు. కాబట్టి దానికి నిజం ఎవరూ చెప్పరు. క్యాన్సర్ పేరు కూడా ఎత్తరు, 'ఆ జబ్బు' అంటారు. ఇంట్లో ఒక్క ముసలమ్మకు అది వచ్చిందంటే మూడు తరాల పెళ్లిళ్లు ఆగిపోతాయి. నేను సైన్సు అనుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, సాయంత్రానికి వీధిలోని తల్లులు మా అమ్మను పట్టుకుని "మీవాడు ఎవురి కోసం ఇచారిస్తా ఉండాడు?" అని అడగడం మొదలుపెట్టారు.

అవ్వ ఇదంతా గమనించింది. రెండు రోజులు పోనిచ్చి, నన్ను పిలిచింది.

"ఈడ ఎవురూ చెప్పరబ్బయ్యా. ఆత్మకూరు పో. చర్చి ఎనకాల వీధిలో మన సంఘపోళ్ల ఇల్లు ఉండాది. ఆ పాప కూడా సైన్సు టీచరే. సదువుకున్నోళ్లు, దాచుకోరు."

అవ్వకు సైన్సు మీద ఇంత శ్రద్ధ ఉందని నాకు తెలియదు. మనసు కరిగింది.

"తెల్ల చొక్కా ఏసుకోని పో," అంది మళ్లీ. "ఎండ."

అమ్మ ఆ చొక్కాను ఇస్త్రీ చేసి ఉంచింది. అది కూడా ఎండకే అనుకున్నాను.

మా నాయన ఉదయగిరి ఆత్మకూరు బస్సులో కండక్టరు. ఆ శనివారం ఆయన బస్సులోనే ఎక్కాను. సాధారణంగా డ్యూటీలో నన్ను గుర్తుపట్టడు. ఆ రోజు మాత్రం దువ్వెన తీసి ఇచ్చి "దువ్వుకోరా" అన్నాడు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నన్ను పరిశీలనగా చూశారు. ఒకామె బాగున్నాడన్నట్టు తలూపింది. విద్యావంతుడికి ఆ మాత్రం గౌరవం ఉంటుందిలే అనుకున్నాను.

ఆత్మకూరులో ఆ ఇంటికి వెళ్లేసరికి వాకిలి కడిగి ఉంది. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మంచం మీద మడత విప్పిన కొత్త దుప్పటి. టీపాయి మీద కజ్జికాయలు, కారాబూంది. ఒక పెద్దాయన పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఆయన టీచరమ్మ తండ్రి. ఆయన అక్క, అంటే ఆ అమ్మాయికి మేనత్త, నాకు ఎదురొచ్చి "రా అబ్బయ్యా, కూర్చో" అంది. తల్లి లేని పిల్లను ఆమే పెంచిందని మాటల్లో చెప్పింది. ఆత్మకూరులో సైన్సుకు ఇంత మర్యాదా అని నేను విస్తుపోయాను.

అమ్మాయి కాఫీ తెచ్చింది. నూలు చీర, వేలికి సుద్ద మరక. కాఫీ ఇచ్చి లోపలికి పోకుండా ఎదురు కుర్చీలో కూర్చుంది. మేనత్త కనుబొమలు లేచాయి.

నేను వేళ వృథా చేయదలుచుకోలేదు. ఖాళీ చార్టు మోకాళ్ల మీద పరిచాను, పెన్సిలు తీశాను, వీలైనంత మర్యాదగా అడిగాను.

"మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందాండీ?"

పేపరు కిందికి దిగింది. నన్ను చూసి మళ్లీ పైకి లేచింది.

"ఏందబ్బయ్యా," అంది మేనత్త, "ఇంకా కాఫీ అన్నా తాగలా నువ్వు."

"తాగుతానండీ. ముందు ఇది రాసుకుంటే..."

"వాళ్లమ్మ కామెర్లతో పోయింది. ఇంకెవురికీ ఏమీ లేదు. కజ్జికాయ తిను."

"కామెర్లు కాదు," అంది అమ్మాయి.

"మే, నువ్వు లోపలికి పో."

ఆమె కదల్లేదు. నా చార్టు వైపే చూస్తూ, క్లాసులో నోట్సు చెప్పించినంత తాపీగా చెప్పింది. "రొమ్ము క్యాన్సర్. మా అమ్మకి. అంతకు ముందు మా అమ్మమ్మకి. రాసుకోండి. రెండు సంబంధాలు ప్రధానం దాకా వచ్చి తిరిగిపోయినాయి. అత్త కామెర్లు అని చెప్తాది, వాళ్లు ఎట్నో కనుక్కుంటారు, మోసం చేసినారని మమ్మల్ని తిట్టిపోతారు. జబ్బు కన్నా ఆ తిట్లే ఎక్కువ. అందుకని ఈసారి ముందే చెప్పాలనుకున్నా. మీరు నేరుగా అడిగినారు, బాగుండాది."

"సంబంధమా?" అన్నాను నేను.

"మరి?"

"నేను సైన్సు ఫెయిర్‌కి వచ్చాను."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అమ్మాయి ముందుకు వంగి, చార్టు పైన పెద్దక్షరాల్లో ఉన్నది పైకి చదివింది. "అంతరిక్షానికి ఎవరిని పంపకూడదు?"

ఆమె నవ్వింది. ముందు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి, తర్వాత కుర్చీ చెయ్యి పట్టుకుని. పేపరు వెనక ఆయన భుజాలు ఎగురుతున్నాయి. నాకు మా అవ్వ తెల్ల చొక్కా, నాయన దువ్వెన, బస్సులో ఆమె తలూపడం అన్నీ వరసగా గుర్తొచ్చి, నేనూ నవ్వాను. మేనత్త ఒక్కతే నవ్వలేదు.

"ఆకాశంలోకి పంపేదానికి యాడన్నా పిల్లని చూస్తారా?" అంది.

అత్తను సముదాయించాక అమ్మాయి దర్జీ సంగతంతా విడమరిచి చెప్పించుకుంది. మధ్యలో ఒక ప్రశ్న వేసింది. "మా అమ్మ, అమ్మమ్మ ఏ ఆకాశానికీ పోలా. సోమశిల దాటి పోలా. మరి వాళ్లకెందుకు వచ్చినట్టు?"

"దారం కిందున్నా తెగుతుందండీ. పైన ఇంకా ఎక్కువ తెగుతుంది. దర్జీ మాత్రం ఆ దర్జీయే."

"అయితే నాకూ వస్తాదా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర హాస్యం లేదు. "తెలియదండీ. వంశంలో ఉన్నంత మాత్రాన అందరికీ దిగిరాదు, దిగొచ్చినవాళ్లందరికీ జబ్బు రాదు, వంశంలో లేనివాళ్లకీ వస్తుంది. జాగ్రత్తగా చూపించుకుంటూ ఉండాలి. అంతకు మించి నా చార్టుకు తెలియదు."

ఆమె తలూపింది. "పైకి పోగూడదు. సరే. ఈడ ఉండొచ్చు గదా?"

"ఉండొచ్చు."

"ఉదయగిరిలో?"

"కొండ మీదకి పోతే కిరణాలు రవ్వంత ఎక్కువండీ. దుప్పటి కొంచెం పలచబడుతుంది కదా. ఊరు కొండ కిందే ఉంది, కాబట్టి..."

ఆమె మళ్లీ నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తిరుగు బస్సు సగం దూరం వచ్చాక అర్థమైంది. నిలబడి ప్రయాణం చేస్తున్నవాణ్ని, పైన కమ్మీ వదిలేశాను. బస్సు ఒక మోరీ మీద ఎగిరింది, నేను ఒక బియ్యం మూట మీద కూర్చున్నాను. లేవాలనిపించలేదు. నాయన చూసి "ఏందిరా?" అన్నాడు. "ఏం లేదు నాయనా" అన్నాను. ఆయన విజిలు వేశాడు. ఆ విజిలు కూడా బాగున్నట్టు అనిపించింది.

బయల్దేరే ముందు ఆమె గేటు దాకా వచ్చి ఒక షరతు పెట్టింది. మా అవ్వకు ఈ సంగతి తనే చెబుతుందట.

"మీరు చెప్పబాకండి. మీరు చెప్తే నవ్వించి చెప్తారు. నవ్వినప్పుడు ఎవురైనా సరే అంటారు, తర్వాత మనసు మారతాది. ఫెయిర్‌కి వాళ్లని తీసకరండి. మా కుటుంబం చార్టు కూడా పెట్టండి, నల్లవి నల్లగానే."

మనిషిని ఒక్క పూటలో ఇంత కచ్చితంగా అంచనా వేసినవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు. మాటిచ్చాను. ఇంటికి చేరాక అవ్వ "పాప ఎట్ట ఉండాది?" అని అడిగితే "సైన్సు బాగా తెలుసవ్వా" అన్నాను. అవ్వ తృప్తిగా చింతపండు ఉండ చుట్టింది. ఆ ఉండ చుట్టే చేతులు రేపు ఆ మాట విన్నాక ఏం చేస్తాయో నాకు తెలియదు. రెండు సంబంధాలు ఎలా పోయాయో, మూడోది అలా పోవడానికి ఒక్క మాట చాలు. ఫెయిర్ దాకా నేను లోపల దిగులు, పైన ఈల. స్కూల్లో పిల్లలు నాకు జ్వరమేమో అనుకున్నారు.

ఫెయిర్ రోజు హాలు నిండా నేననుకున్నట్టే థర్మాకోలు రాకెట్లు. అంత మంది గురి పెట్టిన చంద్రుడు ఆ రాత్రి తప్పించుకోవడం కష్టమే అనిపించింది. మా స్టాలు ముందు మొదట ఈగలు కూడా లేవు. పదకొండు దాటాక ఎండకు నీడ వెతుక్కుంటూ పల్లెల నుంచి వచ్చిన పెద్దలు లోపలికి దూరారు, పిల్లల తాతలూ అవ్వలూ. రాకెట్లు చూసి విసుగేసి మా దగ్గరికి వచ్చారు. చతురస్రం మగవాడు, సున్న ఆడమనిషి, నలుపంటే ఆ జబ్బు అని ఒక్కసారి చెప్పాను. అంతే. ఆ తర్వాత నాకు మాట్లాడే అవకాశం రాలేదు.

పేర్లు ఉండవని ఒట్టేస్తే బయటి ఊళ్లలో మూడిళ్లవాళ్లు నాకు నిజం చెప్పారు. పేర్లు తీసేస్తే గుట్టు దాగుతుందని నేననుకున్నాను. మా వైపు పెద్దలు తమ జీవితంలో సగం సంబంధాలు చూడడంలోనే గడిపినవాళ్లు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి పిల్లల్లేరు అన్నది వాళ్లకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. వాళ్లకు పేరెందుకు?

"ముగ్గురు మొగోళ్లు, కవల ఆడబిడ్డలు, ఆఖరోడికి పెండ్లి కాలా," అని ఒక పెద్దాయన రెండో కుటుంబం మీద కర్ర పెట్టాడు. "ఇది జలదంకి కాడ మా మేనమామోళ్లు గదా!"

"మరి నడిపోడు నల్లగా ఉండాడే," అంది పక్కామె.

"గుండె అని చెప్పినారే మాకు!"

"చెప్పిన గుండె వేరు, పోయిన గుండె వేరులే."

స్టాలు కిటకిటలాడింది. రాకెట్ల దగ్గర కాపలా పిల్లలు కూడా ఇటే వచ్చారు. అదే సమయంలో గుమ్మం దగ్గర అవ్వ, వెనక అమ్మ, యూనిఫారంలోనే నాయన. జనం అవ్వకు దారి ఇచ్చారు. అవ్వ మూడు చార్టులు దాటి నాలుగోదాని ముందు ఆగింది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"ఒక్కతే ఆడబిడ్డ. తండ్రికి అక్క ఒకతె, ఆమెకి బిడ్డలు లేరు. తల్లి..." వేలు నలుపు మీద ఆగింది. ఇంకో మెట్టు పైకి పోయి, అమ్మమ్మ నలుపు మీద ఆగింది.

అమ్మాయి తన స్కూలు రాకెట్టును వదిలేసి అప్పటికే వచ్చి అవ్వ పక్కన నిలబడి ఉంది.

"మాదే అవ్వా," అంది. "కామెర్లు అని మీకు చెప్పి ఉంటారు. కాదు. మీ మనవడ్ని చెప్పొద్దనింది నేనే. నేను చెప్పాలని. నాకు వస్తాదో రాదో నాకు తెలవదు. ఇంక మీ ఇష్టం."

చుట్టూ జనం మెడలు చాపారు. జోకు వేయాలని నా నాలుక దురద పెట్టింది. మాటిచ్చాను కదా, పళ్లు బిగించుకున్నాను. అవ్వ ఆమె వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. చివరి చార్టు దగ్గరికి జరిగింది.

"ఇది మనదా?"

"అవునవ్వా."

"తెల్లంగా ఉండాదే."

"అవునవ్వా."

"ఈ సున్న మీ అత్తా?"

"అవునవ్వా."

"ఆ నల్ల పెన్ను ఇట్ట ఇయ్యి."

"అమ్మా," అన్నాడు నాయన.

"నువ్వు ఊరుకోరా."

అవ్వ బైబిలు చదువుతుందే గానీ పెన్ను పట్టడం అరుదు. మార్కరును గుప్పిట్లో పట్టుకుని, పొయ్యి అలికినంత శ్రద్ధగా, కూతురి సున్నను నలుపు చేసింది. నలుపు గీత దాటి బయటికి కూడా కాస్త పోయింది.

ఆ నలుపు వైపు చూసి అడిగాను. "మరి పాము?"

"పాము లేదురా."

"వామి కాడ..."

"వామి ఉండాది. పాము లేదు." పెన్నుకు మూత పెట్టడం రాక నాకే ఇచ్చింది. "కడుపులో గడ్డ. మీ నాయనకి సంబంధాలు చూస్తా ఉండాం అప్పుడు. గడ్డ అంటే ఎవురిస్తారు పిల్లని? పామంటే ఎవురూ తప్పు పట్టరు. పాము ఎవురింటికైనా వస్తాది."

"గడ్డ కూడా అంతే గదవ్వా," అంది అమ్మాయి మెల్లగా.

అవ్వ అప్పుడు ఆమె వైపు చూసింది. చూసి, ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యికి మార్కరు మసి అంటింది. అవ్వ కళ్లు తుడుచుకుంటే మసి బుగ్గకు కూడా అంటింది, ఎవరూ చెప్పలేదు.

అంతలో మా అమ్మ అందుకుంది. "అంటే నాకు చెప్పింది కూడా అబద్ధమేనా? కాపరానికి వచ్చినకాణ్నించీ పొద్దుగూకితే వామి కాడికి పోలా నేను! ఏమయ్యా, నువ్వన్నా చెప్పగూడదా?"

నాయన హాలు కప్పు వైపు చూశాడు. "నువ్వడగలా."

"పాము నిజంగా కరిచిందా అని ఎవురన్నా అడుగుతారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. మొదట నవ్వింది అవ్వే. తర్వాత జలదంకి పెద్దాయన నా దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టు హాలంతా వినపడేలా అన్నాడు. "ఆ పెన్ను ఒకసారి ఇయ్యి సారూ. ఉదయగిరిలో పోయిన మా వదినది మేకు కాదులే." ఆయన తర్వాత ఇంకొకామె. తమ కుటుంబం గోడ మీద లేనివాళ్లు ఖాళీ చార్టు అడిగి గీయించుకున్నారు. సున్నలు గీయడానికి పిల్లలు చాల్లేదు. ఇంటింటా దాచుకున్న చావులు ఒక్క మధ్యాహ్నంలో గోడెక్కాయి, వాటి చుట్టూ జనం పెళ్లి విడిదిలో మాదిరి మాట్లాడుకుంటున్నారు.

చివరికి న్యాయనిర్ణేతలు వచ్చారు. మసి చేతుల జనాన్ని, గీత దాటిన నలుపుల్ని చూసి, నీట్‌నెస్ లేదని రాసుకుని పోయారు. మొదటి బహుమతి లోపల బల్బు వెలిగే రాకెట్టుకు వచ్చింది. అది అమ్మాయి వాళ్ల స్కూలుది. హెడ్మాస్టరు నా భుజం తట్టి "చెప్పినా కదా, రాకెట్టు అని" అన్నారు.

బస్టాండులో అవ్వ తీర్పు చెప్పింది. "రెండు ఇండ్లకూ ఉండాది. ఇంక ఎవురు ఎవుర్ని అనేదుండాది? పైకి ఇద్దరూ పనికిరారు. ఈడ్నే ఉండండి." ఆ తర్వాత, మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చిన అమ్మాయి మేనత్త వైపు తిరిగి, మసి బుగ్గతోనే, పెద్దమనిషి తరహాగా అంది. "కామెర్లని చెప్పేది కూడా బాగానే ఉండాదమ్మా. మాకు తట్టలా."

మేనత్త ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ప్రధానానికి ముందు అమ్మాయి మా వాళ్లందరి ఎదుటా ఒకే ఒక్క మాట అడిగింది. "నాకు ఎప్పుడన్నా ఏమన్నా అయితే, పాము అని మాత్రం చెప్పబాకండి." అవ్వ "చెప్పంలే తల్లీ" అంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ప్రార్థనలో అంతరిక్షం ప్రస్తావన రాకుండా నేను ముందే ఆయనకు మనవి చేసుకున్నాను, అయినా ఒకసారి వచ్చింది.

మా ఆవిడ ఇప్పటికీ ఏడాదికొకసారి నెల్లూరు పోయి చూపించుకుంటుంది. నేనూ పోతాను. డాక్టరు కొత్తవాళ్లయితే మొదట అడిగేది అదే, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని. కాఫీ కూడా ఇవ్వకుండానే అడుగుతారు. ఆమె టక్కున చెబుతుంది, అమ్మ, అమ్మమ్మ. చెప్పేటప్పుడు ఒకసారి నా వైపు చూస్తుంది. ఇంతవరకూ దర్జీ మేలుకునే ఉన్నాడు. బయటికొచ్చాక ఇడ్లీ తిని బస్సెక్కుతాం. ఆ రోజు ఇడ్లీ చాలా బాగుంటుంది.

ఒక్కటి మిగిలింది. పెళ్లయ్యాక ఆమె మొదటిసారి ఉదయగిరి ఇంటికి వచ్చినప్పుడు, పట్టపగలు, భోజనాలయ్యాక, ఇన్నేళ్లు నన్ను పాట పాడించిన గడ్డివామిని చూపించడానికి తీసుకెళ్లాను. చప్పట్లు కొట్టలేదు. పాడలేదు. లేని పాముకు ఎంత భయపడ్డానో వివరిస్తూ, జమీందారు లాగా వామికి వీపు ఆనించి నిలబడ్డాను.

"మీ వీపు ఎనక ఏందో కదిలింది," అంది ఆమె.

"గాలి."

"గాలికి తోకుండాదా?"

తిరిగి చూశాను. జెర్రిపోతు, నా కన్నా పొడుగు, గడ్డిలోంచి తీరిగ్గా బయటికి వస్తోంది. విషం లేని పామని జువాలజీ చదివిన నాకు తెలుసు. తెలిసినా, నా కాళ్లు డిగ్రీ చదవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పరిగెత్తానో, ఆమే నా చెయ్యి పట్టుకుని పరిగెత్తిందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరం నవ్వుతూ, రొప్పుతూ, చెప్పుల్లేకుండా వచ్చి అరుగు మీద పడ్డాం.

అవ్వ చింతపండు గింజ తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"చెప్పలా నేను," అంది, "పాముండాదని?"